ఎడమ నుంచి కుడికి

ఎడ్మంటన్‌లో ఇవాళ మైనస్ ముప్ఫై ఒకటి.
మా బట్టల గదిలో మాత్రం
ఏడాది పొడుగునా ఇరవై ఒకటే.
గాలిలో తడి ఎంతుండాలో గోడమీది ముల్లు చెబుతుంది.
పరీక్షకు ముందు ఏ గుడ్డయినా
ఇక్కడ ఒక పగలూ ఒక రాత్రీ ఊరికే పడుకోవాలి,
తను ఎక్కణ్నుంచి వచ్చిందో మరిచిపోవాలి.
నాకే ఎవరూ అంత వ్యవధి ఇవ్వలేదు.

ఎమ్మెస్సీ రెండో ఏడు. హ్యూమన్ ఎకాలజీ.
అదేం చదువని మా అన్నయ్య ఇప్పటికీ అడుగుతాడు:
"కుట్లా, కాపురాలా?"
మూడో అంతస్తులో కాపురాలు, నేలమాళిగలో కుట్లు.
నేను ఎక్కువగా మెట్లమీద ఉంటాను.

పెట్టె నంబరు నూట పద్నాలుగు.
కామ్రోజ్ దగ్గరి రైతు అర్విడ్ థోర్స్‌రుడ్
తొడిగి తొడిగి వదిలిన నీలం కవరాల్.
నీలం అనడం మర్యాదకి.
మోకాళ్లు మూడుసార్లు మారాయి.
డీజిల్ వాసన ఇంకా చంకల్లో దాక్కునుంది.
కూతురు ఇంగా పంపిన చీటీమీద పెన్సిలు రాత:
'మాసికలు వేసినది: అమ్మ.'

లెక్కపెట్టాను. అరవై రెండు.

భూతద్దం కింద కుట్టుకి ఒక నడక కనిపిస్తుంది.
కుడిచేయి కుడినుంచి ఎడమకి నడుస్తుంది,
ముడి మొదట్లో, తెంపు చివర్లో.
ముప్ఫై తొమ్మిది అలాగే నడిచాయి.
ఇరవై మూడు ఎదురొచ్చాయి,
గోనెసంచి మూతి కుట్టినట్టు
పెద్ద పెద్ద అంగలేసుకుంటూ,
గుడ్డకి ఊపిరాడనంతగా బిగుసుకుని.

ప్రొఫెసర్ మక్‌ఫెయిల్ కళ్లజోడు నుదుటికెత్తి
"ఇద్దరు మనుషులు" అంది.
"తర్వాత?"
"తర్వాత మూడో అంతస్తు."

నైతిక సంఘం అనుమతి పత్రం పదకొండు పేజీలు.
ఏడో పేజీ: మాట్లాడేవాళ్లు కన్నీళ్లు పెట్టుకుంటే
రికార్డరు ఆపాలి, మంచినీళ్లివ్వాలి.
ఎవరింటి మంచినీళ్లో రాయలేదు.

"మీ అమ్మది ఎడమచేతి వాటమా?"
"కాదు."
కాఫీ వంపుతున్న ఇంగా చేయి ఆగింది.
"నాన్నది."

అప్పుడామెకి పన్నెండేళ్లట.
అమ్మకి చూపు మందగించింది.
బడికి పోయే ముందు పది సూదులకి దారమెక్కించి
సూదుల దిండుకి గుచ్చి పోయేది.
మర్నాటి పొద్దుటికి పదీ బోసిగా ఉండేవి.
అమ్మే కుట్టిందనుకుంది.
అమ్మ ఔననలేదు, కాదనలేదు,
బుట్ట మాత్రం రోజూ వంటింటి తలుపు పక్కనే పెట్టేది.
రాత్రి భోజనాలయ్యాక నాన్న
ట్రాక్టరు షెడ్డుకి పోయేవాడు,
సిగరెట్టుకని ఇంట్లో అందరి లెక్క.
"ఆయన సిగరెట్లు యుద్ధం నుంచి వచ్చినప్పుడే మానేశాడు"
అంది ఇంగా,
తన మాట తానే
అరవై ఏడేళ్లు ఆలస్యంగా విని.

రికార్డరు ఆపాను.
ఆమె ఏడవలేదు.
షెడ్డు ఎప్పుడో కూలిపోయింది,
అది ఉండే చోటుకేసి కాసేపు చూసింది.
మంచినీళ్లు నేనే తాగాను.

నా కోడింగ్ పట్టికలో
'శ్రమ విభజన' అని ఒక గడి ఉంది.
చాటుగా చేసిన శ్రమకి గడి లేదు,
చూసీ చూడనట్టుండటానికి అసలే లేదు.
చీటీలో కూడా గీత ఒక్కటే.
'అమ్మ' పక్కన ఇంకో మనిషి పట్టడు.

ఇంగా అనుమతితో ఒక పీలిక కోసి
లాగే యంత్రానికి తగిలించాం.
మాసిక తెగలేదు.
మాసిక పక్కనున్న పాతగుడ్డ చిరిగింది.
కుట్టు తెలిసిన ఎవరైనా ముందే చెప్పేవారు.
నేను న్యూటన్లలో రాశాను,
దశాంశం తర్వాత రెండు అంకెల దాకా.

ఇది థీసిస్‌లో లేదు:
ఆ రోజు గుమ్మం దగ్గర
వేలాడుతున్న నా కోటు గుండీని
ఇంగా పట్టుకుంది, పోనివ్వలేదు.
డెబ్భై తొమ్మిదేళ్ల చేయి
ఒకే విసురున సూదిలో దారమెక్కించి
నా ముందు చాపింది.
తను కుట్టలేదు.
కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని
నేను ఏ చేత్తో అందుకుంటానో చూసింది.