రూఢి

నువ్వుల మండీలో తూకం రాయడం ఇప్పుడు నా పని,
బహిర్ దార్‌లో, సరస్సు వైపు తెరుచుకునే షెడ్డులో.
గుండ్ల మీద ప్రభుత్వ ముద్ర ఉంటుంది.
ఏడాదికోసారి ఒకాయన పెట్టె మోసుకొస్తాడు,
మా గుండ్లని తన గుండ్లతో తూచి
సంతకం పెట్టి పోతాడు.
ఆయన గుండ్లని ఎవరు తూస్తారని అడిగాను.
రాజధానిలో ఉన్నారన్నాడు.
మరి వాళ్ళవి?
టీ చల్లారిపోతోందన్నాడు.

అడగడం నా పాత జబ్బు.
పన్నెండో ఏట గొర్రెతోలు కప్పుకుని
గొజ్జాం కొండల్లో గుడి బడికి పోయాను.
పొద్దున్నే గడపగడపకీ తిరిగి అడుక్కున్న రొట్టె ముక్కలు,
పిక్కల మీద కుక్కల పళ్ళ గుర్తులు,
మధ్యాహ్నం అడవి ఆలివ్ చెట్టు కింద
ఎవరింట్లోనూ మాట్లాడని భాషలో పద్యాలు.
మైనమూ బంగారమూ అంటారు ఆ విద్యని.
చెవికి తగిలేది మైనం.
అది కరిగి కారిపోయాక
ఆ ఖాళీలోకి దిగేది బంగారం.

మా మెరిగేతా లిసానెవర్క్‌కి చూపు లేదు.
పద్యం చెబుతుంటే వేళ్ళతో గాలిని నలిపేవాడు,
సంతలో గుడ్డ నేత చూసినట్టు.
"గోధుమ అన్నావు. ఏ గోధుమ?"
"పొలంలోది."
"ఇంకా?"
"బలిపీఠం మీది, రొట్టెలోది."
"ఇంకా?"
నాకు ఆకలేస్తోందన్నాను.
"ఆఁ. గోధుమ అని ఇప్పుడన్నావు."

ఇత్‌బారెక్ నాకంటే మొండి.
"మైనం పోయాక ఆ ఆకారం ఎవరికి గుర్తుంటుంది?"
"మట్టి మూసకి."
"మూసని పగలగొడతారుగా?"
గురువు చాలాసేపు నవ్వాడు,
వాణ్ణి నీళ్ళకి పంపేశాడు.

గుడి లోపలి గదిలో తాబోత్ ఉండేది.
దైవాజ్ఞలు చెక్కిన పలకకి అది పోలిక.
అసలుది అక్సుంలో ఉందంటారు,
ఒక్క కాపలా సన్యాసి తప్ప ఎవరూ చూడరంటారు.
అంటారు, అంటారు.
పేరు వేలెత్తి చూపిస్తుంది,
వేలి కొసన తెర.

తిమ్కెత్ పండగనాడు
అబ్బా వోల్దె తెన్సాయె దాన్ని జరీ గుడ్డల్లో చుట్టి
తలకెత్తుకుని ఏటి దాకా నడిచాడు.
వెనక గొడుగు పట్టింది నేను.
డప్పులు, ధూపం, దుమ్ము,
చెప్పులు విప్పేసి ఏడ్చే ముసలమ్మలు.
రాత్రి గుడారంలో అడిగాను:
"అబ్బా, లోపల నిజంగా ఉందా?"
"పలకా? ఉంది. కర్రది. ఇవాళ కూడా చూశాను.
నువ్వడిగేది పలక సంగతి కాదుగా."
నా చెయ్యి తీసుకుని తన మెడ మీద పెట్టుకున్నాడు.
నరాలు వణుకుతున్నాయి,
పరిగెత్తించి ఆపిన గాడిద డొక్కలాగా.
"ఎంత బరువుంటుంది?"
"రెండు రొట్టెలంత."
ఆ పైన ఏమీ చెప్పలేదు, నిద్రపోయాడు.

వయసు మీదపడి వణికాడేమో.
పొద్దుటినుంచీ ఉపవాసం కదా, అందుకేమో.
ఇప్పటికీ అటూ ఇటూ తూస్తూనే ఉన్నాను.
బడి మానింది మాత్రం అందుకు కాదు.
దగ్గు, ఆపైన అక్క అప్పు.

రూఢి అనే మాటకి రెండు తలుపులు.
నలుగురూ అనగా అనగా మాటకి అంటుకుపోయిన అర్థం, ఒకటి.
ఇక సందేహం లేదని గుండె మీద చెయ్యేసుకోవడం, రెండోది.
మొదటి తలుపులోంచి దూరి
రెండో దాంట్లోంచి వచ్చామని ప్రమాణం చేస్తాం.
నేనూ చేశాను, ఎన్నిసార్లో.

ఇత్‌బారెక్ ఇప్పుడు సరస్సు మధ్య ఒక లంకలో సన్యాసి.
ఉత్తరాలు రాయడు.
సాయంత్రం పడవలు అటు నుంచి వస్తాయి,
నిమ్మకాయలు తెస్తాయి, కబురు తేవు.

ఇవాళ కాటా మీద బస్తా పెట్టారు.
ముల్లు ఊగుతుండగా అంకె రాయకూడదు, అది నియమం.
నూరు దగ్గర తచ్చాడింది, దిగింది, మళ్ళీ ఎగసింది.
చెయ్యి జాపి దాన్ని తాకబోయి ఆగాను.
వెనక లైనులో ఎవరో కసిరారు,
"రాసెయ్యవయ్యా, నూరని అందరికీ తెలుసు!"
కలం మూత తీసే ఉంది.
ముల్లు ఇంకా వణుకుతోంది.