వెనక పేజీలు

లాగ్‌బుక్ అట్ట మీద నా పేరు, రోల్ నంబరు,
క్షేత్ర శిక్షణ: పలాస-కాశీబుగ్గ, ఆరు వారాలు.
లోపల ఐదు గళ్ళు.
తేదీ, గంటలు, చేసిన పని, నేర్చుకున్నది,
పర్యవేక్షకుల సంతకం.
నేర్చుకున్నది గడి అన్నిటికంటే ఇరుకు.

మొదటి రోజు రాశాను:
"జీడి బట్టీ సందర్శన. మహిళా కార్మికులు పద్నాలుగు మంది.
చేతి తొడుగులు లేవు."
రాయనిది, గుమ్మం దాటకముందే గొంతులో దిగిన పొగ.
పిక్క పగిలిన ప్రతిసారీ
బూడిదలో ముంచుకునే వేళ్ళు.
"ఏటమ్మీ, నీకు పేజీకెంత? మాకు కిలోకింత"
అని దాలమ్మ అడిగితే
షెడ్డంతా నవ్వడం.

అంగీకార పత్రానికి వేలిముద్ర కావాలి.
తవిటమ్మ బొటనవేలు సిరా దిండుకి అద్ది
కాగితం మీద ఒత్తాను.
గీత లేదు, సుడి లేదు,
నున్నటి నీలం మచ్చ.
మళ్ళీ ఒత్తాను. ఎడమది ఒత్తాను.
"నా ఏళ్ళు పడవమ్మీ,
రేసను మిసనుకే పడవు,
నీ కాయితానికి పడతాయేటి?"
నెలనెలా బియ్యానికి
మనవడి వేలు వెంటబెట్టుకుని వెళుతుందట.

మా వీధి చాకలి
చీర అంచున పెట్టిన జీడి గుర్తు
చీర పీలికలైనా పోయేది కాదు.
అదే పేరున్న సొన
ఇక్కడ మనిషి గుర్తునే ఉతికేసింది.
ఇది రాస్తే పాణిగ్రాహి సార్ ఎర్ర పెన్నుతో
"ఉపమానాలు వద్దు. శాతం రాయండి" అన్నారు.
రాశాను. పద్నాలుగులో తొమ్మిది, అరవై నాలుగు శాతం.
తప్పు లెక్కేం కాదు.
మిగతా ఐదుగురూ ఈ ఏడే పనిలో చేరినవాళ్ళు.

మూడో వారం, తూకం దగ్గర
మేస్త్రీ నోట పలికిన అంకె
తవిటమ్మ చేతికి తెలిసిన బరువు కాదు.
"సదువుకున్న గుంటవి,
ఆ బుక్కులో మా తూకం కూడా ఎయ్యి.
మా రోగాలేనా రాయడం?"

వెనక నుంచి మొదలెట్టాను, పెన్సిలుతో,
కాటా మీద ఎర్ర అంకె ఆరిపోయేలోపు.
తవిటమ్మ ఆరు కిలోల ఏడొందలు.
దాలమ్మ ఐదున్నర.
రెయ్యమ్మ నాలుగు, అరచెయ్యి బొబ్బ.
ముందు నుంచి చర్మరోగాలు, వెనక నుంచి కిలోలు,
రెండూ ఏ పేజీలో ఎదురుపడతాయో అనుకుంటూ
రోజూ రాశాను.

రోజూ కాదు.
పందొమ్మిదో తారీఖు జ్వరం.
అద్దె గదిలో దుప్పటి కప్పుకుని
స్టేషన్ దాటే గూడ్సు పెట్టెలు లెక్కపెట్టాను.
మర్నాడు ముందు పేజీలో ఆ గడి నింపాను:
"రికార్డు పని, ఆరు గంటలు."
అందరూ అలాగే నింపుతారు.
సార్ సంతకం పెట్టారు.
వెనక పేజీలో నింపడానికి
నా దగ్గర అంకెలు లేవు.

ఆఖరి రోజు వెనక పదకొండు పేజీలూ చింపి
తవిటమ్మకి ఇచ్చాను.
నాలుగు మడతలు పెట్టి రొండిన దోపుకుంది,
పొగాకు కాడ పక్కన.
కాలేజీలో నా పుస్తకం మీద రాశారు:
"చివరి పుటలు చిరిగి ఉన్నవి.
రెండు మార్కులు తగ్గించడమైనది."

నెల తర్వాత
దాలమ్మ కూతురి ఫోన్లోంచి తవిటమ్మ.
వెనక పిక్కలు పగులుతున్న చప్పుడు.
"అమ్మీ, సావుకారు కాయితాలు సూసినాడు.
సేనా గింజుకున్నాడు, ఆకరికి కట్టినాడు.
పందొమ్మిదో తారీకుది ఒక్కటీ ఇవ్వనన్నాడు,
రాత నేదు కదా అని.
మేం ఆ రోజు పనికొచ్చినాం.
నువ్వేటి సేసినావు ఆ రోజు?"

కోపం లేదు ఆ గొంతులో.
ఊరికే, గుర్తుందేమోనని అడిగింది.
పుస్తకం తెరవక్కర్లేదు నాకు.
రికార్డు పని.
ఆరు గంటలు.