అద్దం పట్టేది

లౌషాలో నవంబరు. నాలుగున్నరకే చీకటి.
కొలిమి దగ్గర యోర్గ్ గాజు బుడగలు ఊదుతాడు,
పక్క గదిలో రోస్విటా వాటి కడుపుల్లో వెండి పోస్తుంది.
క్రిస్మస్‌కి అరవై పెట్టెలు బాకీ.
నాది కడిగే పని. పని కొత్త,
కెమిస్ట్రీ మాత్రం పాత పగ.
జొన్నెబెర్గ్ బడిలో రెండుసార్లు తప్పాను.

"ఎక్కడ తప్పావు?" అంది, చేయి ఆపకుండానే.
"కార్బొనిల్ దగ్గర."

ఆవిరి పట్టిన కిటికీ మీద వేలితో గీసింది:
కార్బన్, ఆక్సిజన్, మధ్య రెండు గీతలు.
"ఈ ఆక్సిజన్ ఉందే, మా ఆయన లాంటిది.
ఇద్దరి దుప్పటీ తనవైపే లాక్కుంటుంది.
కార్బన్‌కి ఎప్పుడూ చలే. అందుకే
ఎలక్ట్రాన్లు మోసుకొచ్చేవాళ్ళంతా
దాని తలుపే తడతారు."

ఇంకా రెండు చేతులున్నాయి దానికి.
రెండిటా కార్బన్లనే పట్టుకుంటే కీటోన్,
ఇరుపక్కలా చుట్టాలున్న మనిషి.
ఒక చేతిలోనైనా హైడ్రోజన్ ఉంటే
ఆల్డిహైడ్. గొలుసుకి కొసన నిలబడేది,
గాలి తగిలితే చాలు, ఆమ్లమైపోయేది.

"పండగ వంటగదంతా అదేనమ్మాయ్.
దాల్చిన చెక్క, వనిల్లా, మార్జిపాన్‌లో చేదు బాదం.
నీ గోళ్ళ రంగు తుడిచే ఎసిటోన్ మాత్రం రెండోది."

బుడగలో వెండి నీళ్ళు, అమ్మోనియా, గ్లూకోజు.
వేడి నీళ్ళలో ముంచి గిరగిరా తిప్పింది.
గోధుమరంగు. నలుపు. పాడైందనుకున్నాను.
అంతలోనే లోపల ఎవరో కళ్ళు తెరిచినట్టు
వెండి.
నా ముక్కు, నా వెనక బల్బు, గదంతా గుండ్రంగా.

ఇచ్చింది చక్కెరలోని ఆల్డిహైడ్. పుచ్చుకుంది వెండి.
ఇచ్చినది పులిసిపోయి నీళ్ళతో పాటు తూములోకి పోయింది,
పుచ్చుకున్నది చెట్టుకి వేలాడుతుంది.
దీని గురించి పుస్తకంలో ఏమీ రాయలేదు.

కిటికీ మీద నేనే రాశాను:
కీటోన్ ససేమిరా అంటుంది. అద్దం పట్టదు.

ఏడింటికి గ్లూకోజు అయిపోయింది.
రోస్విటా తన టీ డబ్బా తెరిచింది,
షుగరు వాళ్ళ కోసం అమ్మే పండ్ల చక్కెర.
"అది ఫ్రక్టోజు!" అరిచాను. "అది కీటోన్. పట్టదు!"
జీవితంలో మొదటిసారి నాకు జవాబు తెలుసు.

పట్టింది.
కాస్త ఆలస్యంగా, కానీ నిండుగా.

ఆమె నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది.
"క్షారంలో పడితే అది పక్క కార్బన్‌తో మంతనమాడి
ఆల్డిహైడ్ వేషం కడుతుంది.
ఎసిటోన్‌కి ఆ పక్కింటి సాయం లేదు పాపం."
"మరి పరీక్షలో ఏం రాయను?"
"రెండూ రాయి. కాగితం నీదేగా."

మిగిలిన ద్రావణం రాత్రికి ఉంచకూడదట,
ఎండితే పేలుతుంది. పారబోసి, కడిగి, దీపం ఆర్పాం.

ఇంటికొచ్చి ఎసిటోన్‌తో వేళ్ళు రుద్దాను.
ఎర్ర రంగు పోయింది.
వెండి చేసిన నల్ల మచ్చ
పోలేదు.