దండకు చోటు

నాగపూర్ సేటుకు క్యాలెండర్ కావాలె.
"పన్నెండు బొమ్మలు, పవిత్రంగ ఉండాలె" అన్నడు ఫోన్ల.
సిరొంచ బస్టాండు పక్కన
పాస్‌పోర్టు సైజు ఎనిమిది, యాభైకి తీసేటోణ్ణి,
పవిత్రం ఎంత వెలుగుల పడుతదో
నాకేం తెలుసు?

తెల్లారకముందే ప్రాణహిత ఒడ్డున, సోమేశ్వరంల దిగిన.
మొండయ్య బండ మీద కత్తి నూరుతున్నడు.
నీళ్ళల తేలే పుట్టువెంట్రుకలు తీసిన,
కత్తి తీసిన.
అతను తల ఎత్తేలోపు పక్కకు జరిగిన.

సడ్వలిగాడు తాడుకు అయస్కాంతం కట్టి
మొక్కుల పైసలకు గాలమేస్తున్నడు.
"కొత్త బిళ్ళలే అంటుకుంటయి కాకా,
పాత రాగివి గంగమ్మకే" అని ముక్కు ఎగబీల్చిండు.
వాని తాడు తీసిన.

గర్భగుడి ముందర మరాఠీ బోర్డు: ఫొటో తీయొద్దు.
తెలుగుల రాసి లేదు గద అని
గడప దాకా తీసిన.
నంది కొమ్ముకు తగిలించిన పాలక్యాను,
ఇసుక లారీ పోతుంటే గంట.
మోగలే, వణికింది.
ఫొటోల వణుకు రాదు.

పదకొండింటికి ఎండ తెల్లబడ్డది.
మెట్ల మీద కూసోని చూస్తే నూట తొంభై ఆరు.
చేతులు, పాదాలు, వీపులు, పొగ.

"ఓ పోటో పిలగా, నువ్వు సుత చేతులేనా?"
మోదుగాకు దొప్పలు కుట్టే పోచుబాయి.
"మూడేండ్ల కింద ఒకడు నా చేతులు తీస్కపోయిండు.
చంద్రపూర్ల బ్యాంకు గోడకున్నయట.
మా అల్లుడు గాజులు చూసి గుర్తువట్టిండు.
మొఖం ఏడవెట్టిండ్రని అడిగితే
గోడ మీద అంతవరకే ఉన్నదన్నడు."

లెన్సు మూత కోసం జేబులన్ని వెతికిన.

కోడలి చీర కట్టుకొచ్చింది, మడత గీతలు పోలే.
గుడి వెనుక పడేటట్టు జరుగమన్న.
"గుడెందుకు? రోజూ దాని ఎనుకనే గదా నేను.
ఒక్కపారి అది లేకుంట తియ్యి."
సున్నం లేని ఉత్త గోడ దొరికింది.
"నవ్వాల్నా?"
"నీ ఇష్టం."
తాసిల్దారును చూసినట్టు చూసింది.
"పైన జర చోటు ఇడువు బిడ్డా,
దండ కండ్ల మీదికి రావద్దు."

రాత్రి సేటుకు పదకొండే పంపిన.
డిసెంబరు ఏదిరా అని తిట్టిండు.
ఫ్రేము కోసిన.
తల మీద నాలుగేళ్ళ ఖాళీ,
కొలిచిన, మళ్ళ కొలిచిన.
బంతిపూలయితే సరిపోతది.
చామంతులయితే
చెప్పలేను.