చుట్టకుదురు

సోమవారం పొద్దున్న నేను తలుపు తీసేసరికే
మెట్ల మీద కూర్చుని ఉంది బెనెదీత,
చరిత్ర శాఖలో మూడో ఏడు.
ఆవెయిరు ఉప్పు మడుల మీద వ్యాసం రాయాలట.
బండి తోసుకొచ్చాను:
పంతొమ్మిది లెక్కల పుస్తకాలు, రెండు పటాల చుట్టలు,
పురుగు తిన్న మఠం దస్తావేజుల కట్ట ఒకటి.
"ఇప్పుడే వద్దండీ" అంది.

ఇరవై రెండేళ్లుగా ఈ బల్ల దగ్గర ఉన్నాను.
వద్దన్నవాళ్లని ఎరగను.
వల విసిరి, పడ్డదాని కోసమే వచ్చామనుకునేవాళ్లనే చూశాను.
సంచుల నిండా నకళ్లు మోసుకుపోయి
నెల తిరక్కుండా వచ్చి
"ఇంతకీ నేనేం వెతుకుతున్నానండీ?" అని
నన్నే అడిగినవాళ్లున్నారు.

ఈ పిల్ల ఒక తెల్లకాగితం తీసింది.
"ఉప్పు" అని రాసింది. కొట్టేసింది.
"ఆవెయిరు ఉప్పు, యుద్ధానికి ముందు."
అదీ కొట్టేసింది.
కిటికీలోంచి కాలవ కేసి చూస్తూ
మధ్యాహ్నం దాకా పెన్సిలు కొరికింది.
నాకు ఒళ్లు మండింది. బండి దారికడ్డంగా అక్కడే ఉంది.

రెండింటికి కాగితం మీద ఒక్క వాక్యం మిగిలింది:
"మడి నుంచి పడవ దాకా గంప మోసిన ఆడమనిషికి
కూలి గంపకింతా, రోజుకింతా?"
ఓసింతేనా!
ఇంత ప్రశ్నకి అంత పొద్దా!

కింద గళ్లు గీసింది.
ఏం కావాలో, ఎవరి దగ్గర దొరకొచ్చో,
దొరక్కపోతే ఏ దారి పట్టాలో.
చివరి గడి మీద "నేను పొరబడి ఉంటే" అని రాసి
ఖాళీగా వదిలింది.
అన్నిటికంటే దానికే ఎక్కువ చోటు.

అప్పుడు గుర్తొచ్చింది మా అమ్మమ్మ అదొజీంద.
గంప ముట్టుకునే ముందు
పాతగుడ్డ మెలిపెట్టి, చుట్టి, నెత్తిన పెట్టుకుని,
తీసి, మళ్లీ చుట్టేదట,
వెనక వరసలో వాళ్లు తిట్టిపోస్తున్నా.
"కుదురు కుదరందే బరువు కుదరదే పిల్లా" అనేది.

"గంప బరువెంతో ఏ పుస్తకంలో ఉంటుందండీ?"
"పుస్తకంలో ఉండదు" అన్నాను.
గొంతు నాదిలా లేదు.
"మా అమ్మమ్మ మోసింది. నాకు చెప్పింది."

బెనెదీత తలెత్తింది.
పొద్దుట్నించీ ఎదురుగా ఉన్నదాన్ని
అప్పుడే వచ్చినట్టు చూసింది.
రెండో గడిలో నా పేరు రాసుకుంది.
పక్కనే ఒక ప్రశ్నార్థకం పెట్టింది.

పెట్టనీ.
అమ్మమ్మ మాత్రం
ఎవరి మాట మీదైనా గంప ఎత్తుకుందా?
నేల మీంచి ఓసారి జానెడు లేపి,
దించి,
అప్పుడు కదా.