కిటికీ గడియ

పాజూ ఊరి చివర, కోళ్లఫారం వెనక స్టూడియోలో
చప్పుళ్లు చేసి బతుకుతాను నేను.
తెరమీద ఎవరు నడిచినా ఆ అడుగులు నావి.
ముద్దులూ నావే,
నా మోచేతి మీద నేనే పెట్టుకున్నవి.

ఈసారి వచ్చింది ఆ అక్టోబరు రాత్రి సినిమా.
పొట్టి బల్ల, పట్టు దిండ్లు, సగం తిన్న చేప.
పేర్లు మార్చారు గానీ మా దేశంలో
బడికెళ్లే పిల్లాడికైనా తెలుసు ఎవరు ఎవరో,
ఎవరి చెయ్యి ముందు కోటులోకి పోతుందో.

మనిషి కూలడానికి, తడి గోనెలో రెండు క్యాబేజీలు.
ఎముకకి ఎండు ముల్లంగి.
రక్తానికి చప్పుడుండదు, అయినా అడిగారు.
స్పాంజి పిండాను.

తుపాకీ దగ్గర ఆగిపోయాం.
ధన్‌మంటే చాలదన్నాడు డైరెక్టర్ మో కి-జున్.
"చరిత్ర వినపడాలి సున్-రే గారూ, చరిత్ర."
ఇనప తలుపు కలిపాను. ఉరుము కలిపాను.
ఫిబ్రవరిలో హాన్ నది మీద మంచు పగిలినప్పుడు
పట్టుకున్నది కూడా కలిపాను.
ఇంకా, అన్నాడు.

ఆదివారం వొన్జూ వెళ్లాను.
మా నాన్న ఆ రాత్రి ఆ పెరట్లో కాపలా.
ఇరవై ఒకటో ఏడు. బూట్లు ఒక సైజు పెద్దవి,
వేళ్ల దగ్గర దినపత్రిక కుక్కుకున్నాడు.
ఇంతకు మించి మా ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు.

ఎలా వినపడింది నాన్నా, అన్నాను.
పెరిల్లా ఆకులు ఒక్కొక్కటే తుడుస్తున్నాడు.
చెవిలో మిషను సర్దుకున్నాడు.
నా మాట అందలేదేమో అనుకున్నాను.
గిన్నె సగం నిండాక అన్నాడు:

"తుపాకీ అనుకోలేదు.
గాలికి కిటికీ రెక్క కొట్టుకుందనుకున్నాను.
లోపల పెద్దవాళ్లు తింటున్నారు,
చప్పుడైతే నన్నే తిడతారు కదా.
వెళ్లి వంటింటి వైపు గడియ పెట్టి వచ్చాను.
అప్పుడు మళ్లీ కొట్టుకుంది,
గడియ పెట్టిన కిటికీ."

పదిహేడు రోజులు నేలమాళిగలో
అడిగింది అదొక్కటేనట.
కిటికీ ఎందుకు మూశావు? ఎవరు మూయమన్నారు?
గాలి, అన్నాడట నాన్న.
ఆ గాలి అనేవాడు ఏ శాఖలో పనిచేస్తాడో
చెప్పమన్నారట.

అది చెప్పి నవ్వాడు.
కింది పళ్లు కట్టుడువి. నాకు తెలుసు.
ఎప్పటినుంచి అని ఎన్నడూ అడగలేదు.

హ్వాంగ్‌హాక్ పాత సామాన్ల వీధిలో
నాలుగు వేల వోన్లకి ఇత్తడి గడియ కొన్నాను.
దేవదారు చెక్కకి బిగించి, ఒక్కసారే వేశాను.
టక్కనీ కాదు, టిక్కనీ కాదు,
నాలుక అంగిలిని వదిలినంత.

మొదటి పేలుడుకీ రెండోదానికీ మధ్య దాచాను.
మిక్సింగు చేసే ఓక్ పిల్-గ్యు హెడ్‌ఫోన్ తీశాడు.
"ఇదేంటి? షాట్‌లో కిటికీ లేదే."
"పెరట్లో ఉంది."
"పెరడు మనం తీయలేదు కదక్కా."
"అవును. తీయలేదు."
చాలాసేపు నన్ను చూసి, తీసెయ్యకుండా
కొంచెం తగ్గించాడు.

వొన్జూలో ఉదయం ఆట, మొత్తం పదకొండు మంది.
దీపాలు ఆరకముందే నాన్న
చెవిలోది తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.
సరే, ఇక నా పని ఆయనకి అందదు, అనుకున్నాను.

మొదటిది పేలింది.
ముందు వరసలో ఎవరిదో మక్కపేలాల డబ్బా
నేలపాలయింది.
నాన్న అదరలేదు.
కుర్చీ చేతి మీద ఆయన బొటనవేలు మాత్రం
చిన్నదాన్ని దేన్నో కుడివైపుకి నెట్టింది.

ఆ తర్వాత వచ్చింది నా గడియ.

పన్నెండు ఫ్రేములు. అర సెకను.
ముప్పై ఏళ్లుగా ఇదే పని నాది, లెక్క తప్పదు.
ఆలస్యం నాదే.
ప్రింట్లు అన్ని ఊళ్లకీ వెళ్లిపోయాయి.