అరికాళ్లు

మా మామ్మ పేరు తబితమ్మ.
ఆ పేరు ఆమె ఒక్కసారీ వినలేదు.
ఇంట్లో మేం పిలిచే పేరు వేరు:
చూపుడువేలితో గడ్డం కింద రెండుసార్లు తాకడం,
అక్కడ ఆమెకో పులిపిరి ఉండేది.
జనాభా లెక్కల మేష్టారు పేరడిగితే
నేను అదే చేసి చూపించేనట.

పాలమూరు పక్క పుట్టింది, మెన్నోనైటు సంఘంలో.
కరువు తరిమితే
కృష్ణ మీద ఆనకట్ట పనికొచ్చింది, తట్టతో.
నెల్లిమర్ల నుంచి మా తాత సన్యాసీ అక్కడికే వెళ్లేడు.
రాయి పేల్చేముందు ఈల ఊదుతారు.
ఊదేరు. అందరూ పరిగెత్తేరు.
ఒక పిల్ల మాత్రం ఈలకి ఎదురు నడుస్తోంది.
తాత తట్ట పట్టుకుని లాగేడు,
తట్టతో పాటు మామ్మ వచ్చేసింది.
పెళ్లిచూపులంటే అంతే.
సన్యాసికి సంసారం అలా దొరికింది.

“ఓలమ్మ, సెవిటిమాలోకాన్ని తెచ్చినాడ్రా” అన్నారు లైన్ల వాళ్లు.
ఆ మాట ఆమె వాళ్ల పెదాల మీద చదువుకుంది.
చదివి, నవ్వి, వాళ్ల పిల్లలకి పేలు చూసింది.

జూట్ మిల్లులో మగ్గాల ఖాతాలోకి వెళ్తే
ఎవరి మాట ఎవరికీ వినపడదు.
దారం తెగింది, మేస్త్రీ వస్తన్నాడు,
బీడీ ఉందా, మీ ఆవిడికి ఎన్నో నెల,
అన్నీ చేతులే.
చెవులున్న వాళ్లంతా అక్కడ తడబడేవారు,
ఆమె పుట్టింట్లో ఉన్నట్టుండేది.
సగం సైగలు ఆమె నేర్పినవేనని
రిటైరైన ముసలాళ్లు ఇప్పటికీ చెప్తారు,
నోటితో మొదలెట్టి చేతుల్లోకి వెళ్లిపోతారు.

మిల్లు కూత ఆమెకి లేదు.
మగ్గాలు ఆగితే మాత్రం ముందు ఆమెకే తెలిసేది
ఇంటి అరుగు మీద, ఉత్తికాళ్లతో.
అరచెయ్యి నేలకి చూపించి, జోకొట్టేది.
నేల నిద్రపోయిందని.

ఇక్కడ మెన్నోనైట్లు లేరు. బాప్టిస్టు మందిరం ఉంది.
ఆమెకి ఒక్కటే లోటు:
రొట్టె విరిచే ఆదివారం వాళ్లూళ్లో ఒకరి కాళ్లు ఒకరు కడిగేవారు.
ఇక్కడ కడగరు.
మూడు నెలలు చూసింది.
నాలుగో నెల ఇత్తడి పళ్లెం, తువ్వాలు పట్టుకెళ్లి
గుమ్మంలో కూచుంది.
అయ్యగారు ఇది మన పద్ధతి కాదన్నారు.
ఆమెకి వినపడలేదు.
(పెదాలు చదవడం ఆ రోజుకి మర్చిపోయింది.)

లాకౌటు ఏడు, తాత మీద చెయ్యి చేసుకున్న మేస్త్రీ అప్పలసూరి
మందిరానికొచ్చేడు.
తాత బెంచీ మారిపోయేడు.
మామ్మ సూరి చెప్పులు విప్పింది.
చంపావతి నుంచి తెచ్చిన నీళ్లు, వేసవి, అవి దొరకడమే గగనం,
చెంబుడు చాలదా, బిందెడూ పోసింది.
ఆ రాత్రి తాత చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని
గోడవైపు తిరిగి కూచున్నాడు.
మాటలు మానేయడమంటే మా ఇంట్లో అదే.
నాలుగు రోజులు తీయలేదు.
అయిదో రోజు దోమ కుట్టింది.

కరెంటు పోతే మా కబుర్లు ఆగిపోయేవి.
చీకట్లో ఆమె అరచేతిలో వేలితో రాసేదాన్ని,
నాకు వచ్చిన అక్షరాలు తక్కువ, ఆమెకింకా తక్కువ.
“అ” రాస్తే అన్నం అనుకునేది. పెట్టేది.

పోయినప్పుడు పాటలు బాగా పాడేరు.
స్నానం చేయించేటప్పుడు పెద్దవాళ్లు కాళ్లు నాకొదిలేరు.
పగుళ్లలో నల్లటి గీతలు, జూట్ నూనె,
ముప్పై ఏళ్లది.
సబ్బు పెట్టేను, పీచు పెట్టేను. పోలేదు.
ఇక చాలమ్మా అని పిన్ని భుజం పట్టుకుంది.
నాకూ వినపడలేదు.

మిల్లు గేటుకి ఇప్పుడు తాళం.
సాయంత్రం గూడ్సు బండి పోతున్నప్పుడు
ఆ అరుగు మీద చెప్పులు విప్పి నిలబడతాను.
కాళ్లలోకి ఏదో వస్తుంది.
ఏటో తెలీదు. బండే అయ్యుంటుంది.